ఆ వానకి పాట

నేను పాఠాలు చెప్పే పాలకొల్లు బడికి రోజూ తణుకు నుంచి తీసుకెళ్ళే బస్సు డ్రైవరు, అడిగిన పాట వేసేవాడు కాదు. కాలవ వంకా, చేల వంకా, అద్దంలో మా మొహాల వంకా చూసుకుని గానీ క్యాసెట్ పెట్టడు. ఊడ్పులకి ఒక పాట, కాలవ ఎండిన వేసవికి ఇంకొకటి. "ఈ పూటకి అది నప్పదండి," అనేవాడు.

ఒక కార్తీకంలో, కోసిన వరి పనలు చేలో ఉండగానే వారం రోజులు వాన పట్టుకుంది. మొలకలొచ్చిన కంకులు గుప్పెట్లో పట్టుకుని ఒక రైతు బస్సెక్కాడు, వ్యవసాయాఫీసులో చూపించి పంట నష్టం రాయించుకోడానికి. అద్దంలో ఆ గుప్పెటని చూసిన డ్రైవరు, క్యాసెట్ల డబ్బా అంతా వెతికి నా వైపు తిరిగాడు.

"నా దగ్గరున్న వాన పాటలన్నీ సంతోషంగానే ఉన్నాయండి మాస్టారూ. ఈ వానకి ఏది వెయ్యను?"

డబ్బా మూసేశాడు. పాలకొల్లు దాకా వైపరు చప్పుడే విన్నాం.