జోహ్రా పడుకుంది

బా అల్లాల్‌కు ఒకటే జబ్బు: టికెట్ కొని వచ్చినవాళ్లతో పోట్లాట పెట్టుకోవడం.

అట్లాస్ కొండల కింద మా ఊరి జూలో ఆయన సింహాల గుట్టకు కాపలా, నేను పక్కనే జిరాఫీలకు. సహజ ఆవాసం పేరుతో బోనులు తీసేసి జంతువులకు బండలు, చెట్లు, నీటిగుంట ఇచ్చారు. కాపలావాళ్లకు నీడ ఇవ్వడం మరిచారు. జూలై ఎండలో మేం సహజంగానే మాడేవాళ్లం.

ఆదివారం కుటుంబాలు రొట్టెలతో, పుదీనా టీతో దిగేవి. ముసలి ఆడసింహం జోహ్రా బండల వెనక గదిలో దూరేది. జనం గుట్ట ముందున్న అద్దం బాదేవారు.

"సింహమేదయ్యా?" అనేది ఓ పెద్దావిడ.

"పడుకుంది."

"లేపు!"

"మీ అత్తగారు పడుకున్నా ఇలాగే బాదుతావా, హాజ్జా?"

"మా అత్తను చూడ్డానికి టికెట్ కొనలేదులే!"

"కొనుంటే పాపం సంతోషించేది."

ఇక టోపీ నేలకేసి కొట్టి, వాళ్ల ఏడు తరాల మర్యాదనూ తవ్విపోసేవాడు. జనం మూగి నవ్వేవారు, ఫొటోలు తీసేవారు.

ఫిర్యాదులు పోగయ్యాయి. మేనేజరు జావద్ వచ్చాడు.

"మధ్యాహ్నం వెనక గది తలుపు మూసెయ్. సింహం జనానికి ఎదురుగా కనబడాలి."

"ఎండకు చస్తుంది సార్."

"సహజ ఆవాసం కదా, ఎండ సహజం కాదా?" అంటూ ఆయన ఏసీ కారెక్కాడు.

బా అల్లాల్ తలుపు మూయలేదు. వారంలో ఉద్యోగం ఊడింది. ఆయన కోసం యూనియన్ రాసిన కాగితం మీద పదకొండు మంది కాపలావాళ్లలో ముగ్గురే సంతకం పెట్టారు. ఆ ముగ్గురిలో నేను లేను.

సింహం గది తాళంచెవి నాకిచ్చారు. తర్వాతి ఆదివారం తలుపు మూసి నిలబడ్డాను. కాలే బండ మీద జోహ్రా రొప్పుతోంది. జనం అద్దం బాదుతున్నారు. గుంపులో బా అల్లాల్! చేతిలో టికెట్, పక్కన మనవరాలు.

"మిలూద్, నా అరుపులు నోటి దురద అనుకున్నావురా? వాళ్లు నన్ను చూస్తున్నంతసేపూ దాని జోలికి పోరు."

వెనక్కి వెళ్లి తలుపు తీశాను. జోహ్రా మెల్లగా లేచి నీడలోకి పోయింది.

"ఏయ్, సింహమేది?"

గొణిగాను: "పడుకుంది."

"గట్టిగా!" అన్నాడు వెనకనుంచి బా అల్లాల్. "టోపీ ఎందుకుంది నీకు?"

తీసి నేలకేసి కొట్టాను. జనం నావైపు తిరిగారు. ఫోన్లు లేచాయి.

"ఫర్వాలేదు," అన్నాడు బా అల్లాల్, మనవరాలికి నన్ను చూపిస్తూ. "రేపటికి నీమీదా ఫిర్యాదు వస్తుందిలే."