ఊరంతటికీ ఒకటే మెడ

మా పుట్టింటి ఊరు ఈసారి ఏకగ్రీవమట అన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. మార్కాపురంలో బస్సు దిగి, కూరగాయల సంచీతో పాటు దాన్నీ మోసుకొచ్చింది. ఆమె సంతోషంగానే చెప్పింది. నాకే, జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా, చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

సర్పంచి పదవి మొదటిసారి ఆడవాళ్లకు వచ్చిన ఏడు మా పెద్దమ్మ నామినేషను వేసింది. పై వీధికి కొళాయి ఉండేది, మా పేటకు ఉప్పబావే గతి. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు గానీ, పెద్దమ్మ మాత్రం ఊరికే ఉడికిపోయేది. ఆమె పోటీకి దిగగానే, ఏకగ్రీవం చేస్తారంట అన్న మాట పేటంతా పాకింది. బడికి పోని నాకు నాయనే బైబిలు మీద వేలు పెట్టించి చదువు చెప్పేవాడు. తెలియని మాటొస్తే అడగడం అలవాటు కాబట్టి అడిగాను. “గ్రీవమంటే మెడ. ఊరంతటికీ ఒకటే మెడ” అన్నాడు నవ్వకుండా. మరి తక్కిన మెడలను ఏం చేస్తారోనని నాకు ఆ పూట అన్నం దిగలేదు. పెద్దవాళ్ల భయం వేరు, చేను పనికి పిలవరేమోనని.

గడువు రేపనగా పై వీధి పెద్దలొచ్చి మా నులకమంచం మీద కూర్చున్నారు. నేను పెద్దమ్మ వెనక చేరి కొంగు పట్టుకున్నాను. పెద్దాయన మెత్తగానే అన్నాడు: “రేపు పోయి నామినేషను వెనక్కి తీసుకోమ్మా. ఎట్లయినా కూలికి మా చేలోకే గదా మీరు రావాల్సింది.”

“ఊరంతటికీ మెడ ఒకటేనంట గదన్నా,” అంది పెద్దమ్మ. “నీళ్లు మీ గొంతులో దిగుతాంటే మా గొంతెందుకు ఎండుతాంది?”

మంచం కిర్రుమంది, పెద్దలు లేచి వెళ్లిపోయారు. పెద్దమ్మ తలుపు వేసి మోకాళ్ల మీద కూలబడింది. ప్రార్థనలో ‘తండ్రీ’ తర్వాత ఆమెకు మాట రాలేదు.

పెద్దమ్మ నామినేషను వెనక్కి తీసుకోలేదు. కొన్నాళ్లు పేటలో ఎవరికీ పనికి పిలుపు లేదు. కుక్క మొరిగినా ఉలిక్కిపడేవాళ్లం. ఓట్లు జరిగాయి, పెద్దమ్మ ఓడిపోయింది. కానీ పోటీ ఉన్నందుకు, గెలిచిన పై వీధి ఆవిడ అంతకుముందు ఓట్లడగడానికి మా పేటకు రావలసి వచ్చింది. ఎండకు నోరెండి మా చెంబుతో నీళ్లడిగింది. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది. మరుసటి వేసవికి మాకు కొళాయి వచ్చింది. దేవునికి స్తోత్రం, కొళాయి వేయించిన ఆ తల్లికీ నా దండం.

ఇన్నేళ్ల కాలం నాలో ఆ భయాన్ని తుడిచిపెట్టలేదు గానీ, దాని పక్కనే పెద్దమ్మ గొంతునూ భద్రంగా ఉంచింది. మీ ఊళ్లో ఏకగ్రీవమన్న మాట చెవిన పడితే, కొళాయి తిప్పే ముందు మా పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.