చక్లీ మీద చాడీలు

ఖాపర్డే కాకాకు ఉన్న జబ్బు ఒక్కటే: సొంత కుక్క మీద చాడీలు చెప్పడం. అదీ ఎక్కడో కాదు, అద్దె ఇల్లు అడగడానికి వెళ్లినచోట.

ముంబయి దగ్గర బద్లాపూర్‌లో ఇళ్లు చూపించే ఏజెంటుని నేను. పొద్దున్నే తబలా వాయించే మాస్టారికి కూడా ఇల్లు కుదిర్చినవాణ్ణి. కాకా రైల్వేలో టీసీగా చేసి రిటైరయ్యారు. ఉంటున్న పాత భవనం కూలగొడుతున్నారని నా దగ్గరికొచ్చారు. భార్య లేదు, పిల్లలు లేరు. చక్లీ అనే ఆడకుక్క ఉంది.

"కుక్క సంగతి నేను మాట్లాడతాను కాకా. మీరు నవ్వుతూ నిలబడండి చాలు."

"అలాగే దిలీప్. నేనెందుకు నోరు విప్పుతాను?"

మొదటి ఇల్లు దళ్వీ గారిది. అరగంట బతిమాలితే దళ్వీ భార్య మెత్తబడింది. చాయ్ కూడా ఇచ్చింది. తాళంచెవి చేతికి అందబోతుండగా కాకా గొంతు సవరించుకున్నారు.

"అన్నట్టు తాయీ, చిన్న మాట. మా చక్లీ చెప్పులు తింటుంది. అదీ ఎడమకాలివే."

తాళంచెవి మళ్లీ ఆవిడ నడుముకెక్కింది.

రెండో ఇంటాయన రెండుపూటలా పూజ చేసే మనిషి. "హారతి గంట వింటే ఊళపెడుతుందండీ" అన్నారు కాకా. మూడో ఇంటాయనకు ఇంత పొడుగు మీసాలు. "మీసాలున్న మగవాళ్లంటే దానికి అస్సలు గిట్టదండీ" అన్నారు. ఆ మీసాలు అక్కడికక్కడే నిటారుగా లేచాయి.

అలా పదకొండు ఇళ్లు పోయాయి. పదకొండో ఇంటి గేటు బయట నాకు ఒళ్లు మండిపోయింది.

"మీకు ఇల్లు కావాలా, కుక్క కావాలా? కర్జత్ దగ్గర తెలిసినవాళ్ల తోట ఉంది. దాన్ని అక్కడ వదిలేసి సుఖంగా బతకండి!"

కాకా గొడుగు తెరుచుకున్నారు. "ఎండగా ఉంది నాయనా, ఇంటికెళ్లు" అని మాత్రం అన్నారు. తర్వాత నాలుగు రోజులు కనిపించలేదు.

ఐదో రోజు నేనే వెళ్లి, స్టేషను వెనక తన ఇంట్లో గది అద్దెకిచ్చే జరీనాబీ దగ్గరికి తీసుకెళ్లాను. కాకా అక్కడా మొదలుపెట్టారు. చెప్పులు, ఊళలు, మీసాలు, పరుపు చింపడం, ఏదీ వదల్లేదు. జరీనాబీ వెల్లుల్లి వలుస్తూ అంతా విన్నది.

"ఇంతేనా? మా ఆయనకి ఇంతకన్నా ఎక్కువుండేవి. ముప్పై రెండేళ్లు భరించాను. తీసుకురండి."

సామాను దించిన రోజే నేను చక్లీని మొదటిసారి చూడటం. మూతి నెరిసిపోయింది. గడపలో ఆరు జతల చెప్పులుంటే వాసన కూడా చూడలేదు. జరీనాబీ కోడిపెట్ట ఎదురొస్తే కాకా కాళ్ల వెనక దాక్కుంది. నా మీసాలు చూసి తోకాడించింది.

"ఇదా కాకా చెప్పులు తినేది? దీనికి పళ్లేవీ?"

కాకా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ముప్పై ఏళ్లు అబద్ధాలాడేవాళ్లని పట్టుకున్నాను. చివరికి నేనే పదకొండు ఇళ్లలో ఆడాను."

"పన్నెండు."

"పన్నెండే. నాకు డెబ్బై నాలుగు దిలీప్. గుండెకి రెండుసార్లు మరమ్మతు అయింది. మంచి కుక్క అని ఇల్లిచ్చేవాళ్లు, నేను పోయిన మర్నాడు దాన్ని వీధిలోకి గెంటరని ఏముంది? ఇన్ని పాడు గుణాలు విని కూడా రమ్మన్నవాళ్లయితే ఉంచుకుంటారు."

తోట మాట అన్నందుకు అప్పుడే క్షమించమనాల్సింది. ట్రంకుపెట్టె ఎత్తుతూ ఊరుకున్నాను. తర్వాత ఆ గదిలో ఎన్నిసార్లు చాయ్ తాగానో! ఈసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అనుకుంటుండగానే మరుసటి వానాకాలం కాకా పోయారు. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.

కబురు విని నేను వెళ్లేసరికి జరీనాబీ చక్లీకి అన్నం మెత్తగా పిసికి పెడుతోంది. "ఇదెక్కడికీ పోదు. నువ్వు ఏ తోటా చూడకు" అంది. కాకా ఆవిడకి అన్నీ చెప్పారన్నమాట.

పోయిన వారం ఆ గదికి ఒక బ్యాంకు గుమస్తాని తీసుకెళ్లాను. అతను కుర్చీ లాక్కోబోయాడు.

"అది చక్లీది. నువ్వు కింద కూర్చో," అంది జరీనాబీ.

పాపం, కింద కూర్చున్నాడు. చక్లీ కుర్చీ ఎక్కి, అక్కణ్ణుంచి వంగి, అతని చెవి వాసన చూసి, గడ్డం అతని భుజం మీద ఆనించి గురక మొదలెట్టింది.

"సరే, గది ఇచ్చాను," అంది జరీనాబీ.

నేను కాగితాలు అందించాను. దాని నిద్ర చెడకుండా అతను ఊపిరి బిగబట్టి సంతకం చేశాడు.