అల్లి ఎప్పుడు పూస్తుంది

కారు కొన్నది మా ఆయన, నడిపేది నేను. క్లచ్ మీద కాలు పెడితే ఆయనకు వణుకు. ఆత్మకూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను గుమస్తాను. యాభై మూడో ఏట లైసెన్సు తెచ్చుకుంటే స్టాఫ్‌రూములో రెండు రోజులు నవ్వుకున్నారు, మూడోరోజు నుంచి ఇంటిదాకా దింపమని అడగడం మొదలుపెట్టారు.

ఆ శీతాకాలంలో మా అమ్మాయి నా ఫోనుకు ఒక వీడియో పంపింది. ఎక్కడో ఒక జంట కారు వేసుకుని కొండల్లోకి పోయి, గుడారం వేసుకుని, తెల్లారి లేచి అడవిపూలు చూస్తున్నారు. మా అమ్మాయి సరదాగా పంపింది. నేను దాన్ని నాలుగుసార్లు చూశాను.

నాకూ ఒక కొండపూల జ్ఞాపకం ఉంది. అప్పుడు నాకు ఐదేళ్ళు. ఉదయగిరి కొండకింద ఒక పల్లెలో ఉండేవాళ్ళం, మాకు మేకలుండేవి. మేకల వెంట కొండకు వెళ్ళాం. ఒక పొద కనిపించింది. ఆకుల సందుల్లో కొమ్మలకే అతుక్కుని, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు రంగులో గుత్తులు గుత్తులుగా పూలు. ఆ పూలు దూసి నా లంగా ఒడిలో పోసింది మా అక్క. ఆ పల్లెలో నాకు గుర్తున్నది అదొక్కటే. మరుసటి ఏడు మా అమ్మ చనిపోయింది. మా అవ్వ మమ్మల్ని కొండాపురం దగ్గరున్న తన ఊరికి తీసుకుపోయింది. అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఉన్న ఒక్క ఫోటోలో ఆమె ఎండకు కళ్ళు చికిలించుకుని ఉంటుంది, అది ఎవరి ముఖమైనా కావచ్చు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇప్పటికీ కొండాపురం దగ్గరే ఉంటుంది, మేకలు మేపుతుంది. ఆమెకు ఫోను చేసి, కారులో పోయి ఒక రాత్రి కొండకింద ఉండి ఆ పూలు చూద్దామన్నాను.

"ఏ పూలే?" అంది.

"నీలంవి. నా ఒళ్ళో పోసినావే, అయ్యి."

"నీలం యాడిదే? ఎర్రయి. మోదుగపూలు. కొండంతా నిప్పంటుకున్నట్టు ఉండేది."

"కాదక్కా, నీలమే. నాకు బాగా గుర్తుండాది."

"నీకు ఐదేళ్ళు, నాకు పదకొండు. ఎవురికి గుర్తుంటాది?"

ఫోను పెట్టేశాక ఒక నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో 'నీలం' అని, దాని కింద 'ఎరుపు' అని రాసుకున్నాను. ప్రయాణం ఎప్పుడో తేలాలంటే ముందు రంగు తేలాలి. మోదుగ అయితే శివరాత్రి ముందూ వెనకా పూస్తుందని అందరికీ తెలుసు. నా నీలంపూలు ఎప్పుడు పూస్తాయో, అసలు అవేమిటో తెలియదు.

"వసంతంలో పోతాం" అన్నాను మా ఆయనతో.

"మనకు వసంతం యాడుండాది? చలి పోతే ఎండలే గదా" అన్నాడు పేపరు మీదనుంచి తల ఎత్తకుండా.

కాలేజీలో బాటనీ సారుని అడిగితే ఆయన చాలా శ్రద్ధగా విని, మూడు లాటిన్ పేర్లు చీటీ మీద రాసిచ్చారు. ఫోనులో వెతికితే ఒకటి తెల్లటిది, ఒకటి మన దేశంలోనే లేనిది, మూడోది ఏదో నాచు. దారి సంగతి కూడా ఇంతే. ఉదయగిరికి మర్రిపాడు మీదుగా పోతే రోడ్డు బాగుంటుందని ఒకరు, ఆ రోడ్డు తవ్వేశారు, దుత్తలూరు మీదుగా పొమ్మని ఇంకొకరు. ఇద్దరూ నిన్ననే వెళ్ళొచ్చామన్నారు. నోటుపుస్తకంలో పేజీలు నిండుతున్నాయి గానీ, ఒక్క వాక్యం కింద కూడా గీత గీయగలిగేంత నమ్మకం నాకు కుదరలేదు.

శివరాత్రి దాటిపోయింది. మార్చిలో పరీక్షల పనిమీద ఉదయగిరి వెళ్ళాల్సి వచ్చింది. పని అయ్యాక బస్సుకు గంట టైముంటే, చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్ళవైపు నడిచాను. ఒక ఇంటి వరండాలో నా వయసున్న ఆవిడ కూర్చుని స్పూను కాడను ఆకురాయితో రాస్తోంది. రెండు గరిటెలు కొని, కొండమీద చెక్క తెచ్చేవాళ్ళకు చెట్లు తెలిసుంటాయి కదా అని అడిగాను. కొమ్మకే అతుక్కుని, నీలంగా, గుత్తులుగా.

ఆమె ఆకురాయి ఆపలేదు. "మా మామ చెక్కకు పోయినప్పుడు ఒకసారి కొమ్మ ఇరుసుకొచ్చినాడు. అది అల్లి అక్కా" అంది.

"ఎప్పుడు పూస్తాది?"

"ఎండల్లో ఒక వాన పడాల. పడినాక వారానికో పదిరోజులకో పూస్తాది. నాలుగు దినాలుంటాది, రాలిపోతాది. వాన పడకపోతే ల్యా. తేదీ చెప్పమంటే ఎట్లక్కా?"

నేను ఆమె ఫోను నంబరు రాసుకున్నాను. బస్సులో కూర్చుని నోటుపుస్తకంలో 'అల్లి' అని పెద్ద అక్షరాలతో రాశాను. పేరు దొరికింది కాబట్టి ఇక గందరగోళం లేదనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్వాడు. "అల్లిపూలంటే చెరువులో ఉంటాయి. దానికి కొండెక్కేదేంది?"

నిజమే, చెరువుల్లో తెల్లగా పూసేవాటిని అల్లిపూలంటారు. ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, బస్సులో ఎందుకు తట్టలేదో తెలియదు. ఆదివారం కారు దూరం నడిపి చూసుకున్నట్టు కూడా ఉంటుందని చేజర్ల వైపు ఒక చెరువు దగ్గరికి వెళ్ళాం. ఒడ్డునుంచి కొంచెం లోపల అల్లిపూలు ఉన్నాయి, తెల్లగా. వల సర్దుకుంటున్న ఒకాయనను నీలంవి ఉంటాయా అని మా ఆయన అడిగాడు.

"ఈడ తెల్లయే సార్. నీలంయి కావాలంటే కలువాయి పక్క చెరువుల్లో చూడండి, ఉండాయంటారు."

వచ్చేటప్పుడు స్టీరింగు పట్టుకుని అదే ఆలోచిస్తూ వచ్చాను. ఐదేళ్ళ పిల్ల చెరువు గట్టుమీద కూర్చుని ఉండొచ్చు. పొద అనుకున్నది నీటిలో ఆకులు కావచ్చు. మేకలు నీళ్ళు తాగడానికి వచ్చి ఉండొచ్చు. ఇల్లు చేరేసరికి నా జ్ఞాపకంలో పొద చుట్టూ నీళ్ళు కూడా కనిపించడం మొదలైంది. అది నన్ను భయపెట్టింది. నేనే కలుపుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోతున్నాను.

ఆ సాయంత్రం అక్కకు ఫోను చేశాను. విని, తిట్టింది. "అల్లిపువ్వు వేరే, అల్లిచెట్టు వేరే. కొండమీద అల్లిపళ్ళు తిన్లేదా నువ్వు? నల్లగా, నోరంతా నీలమైపోతాది. ఆ చెట్టు."

"దాని పూలు చూసినావా?"

"పండు తిన్నా. పువ్వు చూసినట్టు లేదు" అంది.

ఈలోగా గుడారం వచ్చింది. మా అమ్మాయే తెప్పించింది. ఇంట్లో ఒకసారి వేసి చూడమంది. దాన్ని వేసి చూడడానికని అక్క ఆత్మకూరు వచ్చింది. మిద్దెమీద పరిచాం. లోపల పెట్టిన కాగితంలో ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. కడ్డీలు ఎటునుంచి ఎటు దూర్చాలో నాకు అర్థం కాలేదు. అక్క బొమ్మ చూడలేదు, కడ్డీని వంచి చూసింది.

"మేకపిల్లల మీద బోర్లించే గంప మాదిరే ఇది. ముందు బద్దలు అడ్డంగా వంచుకోవాల, మిగతాది దానంతటదే నిలబడతాది" అంది. అలాగే నిలబడింది. ఇద్దరం లోపల దూరి కూర్చున్నాం. ఉక్కపోసింది. అక్క చీరకొంగుతో విసురుకుంటూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"మే, ఆ పూల సంగతి ఆలోచన చేసినా. ఆ ఏడు ఎండల్లో నేను కొండకు పోనేలేదు. నాకు ఆటలమ్మ పోసి ఇంట్లో పండుకున్నా. ఇదిగో, మచ్చ." మోచేతి పైన చూపించింది. "మేకల్ని తోలుకొని పోయింది అమ్మ. నిన్ను చంకనేసుకొని పోయేది, ఇంట్లో ఉంటే నీకూ పోస్తాదని."

నేను ఆమె మచ్చనే చూస్తున్నాను. "అయితే పూలు పోసింది అమ్మేనా?"

"అయ్యుండొచ్చు. అవ్వ కూడా ఊరినుంచి వచ్చి ఉన్నింది. అవ్వ కొండకు పోయిందో లేదో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్తే అబద్ధమైపోతాది."

అమ్మ జ్ఞాపకం ఒక్కటీ లేదని జీవితమంతా అనుకున్నదాన్ని. ఉన్న ఒక్కటీ ఆమెదేనేమో, దాన్ని ఇన్నేళ్ళూ అక్క పేరుమీద దాచుకున్నానేమో. సంతోషం రావాలి కదా. రాలేదు. కళ్ళు మూసుకుని ఆ పొద దగ్గర అమ్మను నిలబెట్టాలని చూశాను. పదకొండేళ్ళ అక్క ముఖమే వచ్చి నిలబడుతోంది, పక్కకు జరగమంటే జరగడం లేదు.

గుడారంలోంచి బయటికొచ్చి, "వద్దులేక్కా, పోవద్దు" అన్నాను.

"ఎందుకు?"

"పూల కోసం పోతుండామో, అమ్మ కోసం పోతుండామో నాకే తెలీదు."

"తెలీకపోతే ఏంది? నాకు రెండు దినాలు మేకల పని తప్పుతాది, నేను దానికోసం వస్తా" అంది అక్క.

ఏప్రిల్ మూడో వారంలో ఒక మధ్యాహ్నం కాలేజీలో ఉండగా అక్క ఫోను చేసింది, కొండాపురంలో వాన అని. ఆత్మకూరులో చుక్క లేదు. గరిటెల ఆవిడకు ఫోను చేస్తే, "పడింది అక్కా. గాలి ఎక్కువ, వాన తక్కువ. చాలుతుందో లేదో దేవుడికే తెలియాల" అంది. ఏడో రోజు పోవాలా, పదో రోజు పోవాలా అని క్యాలెండరు ముందు నిలబడితే, మా ఆయన తొమ్మిదో రోజు మీద వేలుపెట్టి, "ఏదో ఒకటి. పో" అన్నాడు. రెండురోజులు సెలవు పెట్టాను.

మర్రిపాడు దారి పట్టాను. రోడ్డు కొంత బాగుంది, కొంత తవ్వేసి ఉంది. చెప్పినవాళ్ళిద్దరూ నిజమే చెప్పారు. ఉదయగిరిలో బస్సు దిగి అక్క నాకోసం నిలబడి ఉంది. కొండ దారిలో అటవీశాఖ మనిషి ఆపాడు.

"గుడారం వేయడానికి పర్మిషన్ లేదండి. పగలు వెళ్ళి, చీకటి పడకముందు దిగిపోండి."

"ఈ కొండమీద అల్లి పూసిందా బాబూ?" అని అడిగాను.

"నాది కాకినాడ వైపండి. ఇక్కడ చెట్లు నాకింకా తెలియవండి" అన్నాడు మర్యాదగా.

అక్క ఆడబిడ్డ వాళ్ళ చేను కొండకిందే ఉంది. కంది కోసేసిన చేను. అక్కడ గుడారం వేసుకున్నాం. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, ఈసారి గంట పట్టింది, కారణం తెలియదు. వాళ్ళింటినుంచి సంగటి, పప్పుచారు పంపించారు. తిని, కొండెక్కే బలం లేక పడుకున్నాం.

తెల్లారి మేకలబాట పట్టుకుని ఎక్కాం. అక్క ముందు, నేను వెనక. ఆమె ఎక్కడా ఆగలేదు, ఎటు అని ఎవరినీ అడగలేదు. గంట నడిచాక రాళ్ళమధ్య నీళ్ళ తడి ఉన్నచోట నిలబడి, చెయ్యి చాపింది.

మూడు పొదలు. రెండింటికి మొగ్గలే ఉన్నాయి, ఒకటి పూసింది. కొమ్మ పొడవునా నీలం, దానిమీద చిన్న తేనెటీగలు. కింద రాలిన రేకులతో రాతికి నీలం రంగు అంటినట్టు ఉంది. నా నీలిమందుకంటే కొంచెం ఊదావైపు. పొద నా భుజం దాకా ఉంది. నాకు గుర్తున్నది ఆకాశం దాకా ఉండేది.

"ఇదేనా?" అంది అక్క.

"తెలీదక్కా."

ఆమె గుప్పెడు పూలు దూసింది. నేను చున్నీ పట్టాను. పోసింది. వాటిని చూస్తూ నిలబడ్డాను, ఏదో వస్తుందని. ఏమీ రాలేదు. పూలు తేలిగ్గా ఉన్నాయి, వాటికి పెద్దగా వాసన లేదు. నా జ్ఞాపకంలో వాసన ఉందో లేదో అప్పుడే మొదటిసారి ఆలోచించాను.

అక్క రాయిమీద కూర్చుంది. "నీళ్ళుంటాయని అమ్మ మేకల్ని ఈడనే ఆపేది. ఈలేసేది. ఒక్క ఈలేస్తే ఆ పక్కన గట్టుమీదియి గూడా వచ్చేసేయి. ఆడది ఈలేస్తాదా అని అవ్వ తిట్టేది."

మా అమ్మ ఈల వేసేదని నాకు ఎవరూ చెప్పలేదు. "ఎట్లా ఏసేది? వేళ్ళు పెట్టుకొనా?"

"ఊహూఁ. నాలుక మడిచి." అక్క ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నేనూ ప్రయత్నించాను. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు కొండమీద కూర్చుని చాలాసేపు ఊదాం. మధ్యలో అక్క ఏడ్చింది, ఎందుకని నేను అడగలేదు. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు, అదెందుకో కూడా తెలియలేదు.

ఎండ ముదరకముందే దిగి గుడారం విప్పి డిక్కీలో కుక్కాం. నేను తాళం తిప్పబోతుంటే అక్క కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నా పక్క తలుపు దగ్గర నిలబడింది.

"ఇది నడపడం కష్టమా?"

"కష్టమేం లేదు. కూచో."

నేను పక్క సీటులోకి జరిగాను, ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. చేను ఖాళీగా ఉంది, గట్టుదాకా అడ్డంలేదు. మొదటి గేరు నేనే వేసి, క్లచ్ మీదనుంచి కాలు మెల్లిగా తియ్యమన్నాను. కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. మూడోసారి కందికొయ్యల మీద గతుక్కుమంటూ కదిలింది. అక్క రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, గట్టువైపు సూటిగా చూస్తూ, "ఆపేది ఏదే?" అంది.

"మధ్యది" అన్నాను.