బోర్లించి గీసిన బోర్డు

పాపకి అప్పుడు ఐదేళ్లు. మెట్ల మీద జారి కుడి మోచేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక మిగతా వేళ్లు కదిలాయి గానీ బొటనవేలు కదల్లేదు. నరం నలిగి ఉంటుంది, నెల రోజులు చూద్దాం, అప్పటికీ బలం రాకపోతే ఆపరేషన్ అన్నారు కాకినాడ డాక్టరుగారు.

అందుకే మా తమ్ముడి పాత టీవీ గేమ్ తెచ్చాను. కంట్రోలర్‌కి కుడిపక్క రెండు గుండ్రటి బటన్లు. చివరిది నొక్కితే తెర మీద బొమ్మ గెంతుతుంది. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఎన్ని గెంతులో నోటుబుక్కులో రాసేదాన్ని. మూడు వారాలు సున్నాలే రాశాను. వేలు బటన్ మీదే ఉండేది. నొక్కుతోందో, ఊరికే ఆనించిందో కంటికి తెలిసేది కాదు. నొక్కుతున్నానమ్మా అనేది పాప. నేను నొక్కితే గెంతేది. అబద్ధాలాడకు అని ఒకరోజు కసిరాను. ఆ తర్వాత అది ఆ మాట అనడం మానేసింది.

గడువు రెండు రోజులుందనగా కంట్రోలర్ స్క్రూలు విప్పాను. తప్పు అందులోనే ఉంటే బాగుండునని. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను గానీ పెళ్లయ్యాక మీటరు పట్టింది లేదు. మా ఆయన దరియాలతిప్ప రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవారు, అక్కడి ఎలక్ట్రీషియన్‌ని అడిగి ఒకటి తెచ్చారు. బోర్డు ముందువైపు బటన్ల కింద నల్లటి మచ్చలు, వెనక రాగి గీతలు. ఏ గీత ఏ బటన్‌దో చెప్పే కాగితం ఎక్కడా దొరకదు. బోర్డు బోర్లించి, క్యాలెండరు కాగితం మీద ఒక్కో గీతా వేసుకుంటూ, మీటరు సూదులు ఆనించి చూసుకుంటూ పోయాను. గీత తెగకుండా ఉంటే మీటరు కూస్తుంది. ఒక గీత దగ్గర కూయలేదు. వెంట్రుకంత పగులు. కాగితంలో చూస్తే అది లోపలి బటన్‌ది, ఆటలో పనిలేనిది. గెంతే బటన్ గీత బాగానే ఉంది.

అంటే తప్పు వేలిదే. ఏడుపు రాలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆసుపత్రికి బట్టలు సంచిలో సర్దాను.

మా అత్తగారు జాకెట్లు కుడతారు. మర్నాడు మిషను దగ్గర ఆ కాగితం చూసి, ఇదేంటని అడిగారు. చెప్పాను.

"బోర్లించే గీసేవా?"

"అవునండి."

"జాకెట్టు తిరగేత్తే కుడిచెయ్యి ఎటొత్తాదమ్మాయ్?"

కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టి వెనకనుంచి చూశాను. రెండు బటన్లూ చోటు మారాయి. పగులు గెంతే బటన్‌దే. నా వేలి బరువుకి బోర్డు వంగి ఆ పగులు కలిసేది. పాప వేలికి అంత బరువు లేదు.

ఫరంపేటలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లి పగులు మీద సన్నటి తీగ అతికించుకొచ్చాను. సాయంత్రం పాప బటన్ మీద వేలు పెట్టింది. బొమ్మ గెంతింది. మళ్లీ గెంతింది. పదకొండుసార్లు. పాప నవ్వలేదు, నా వైపు చూసింది.

"రోజూ ఇలాగే నొక్కేనమ్మా."

తెలుసన్నాను. పదకొండు అని రాశాను.

కాకినాడ బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని, సంతోషం ఇంకా రాలేదేమిటని చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారు పాప వేలిని తన వేలికి ఎదురు నొక్కించి చూసి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇంటికొచ్చి, సర్దిన బట్టలు మడత విప్పకుండానే బీరువాలో పెట్టేశాను.