పైపు గుర్తు

జీవితకాల గ్యారంటీ అని పెట్టె మీద ఉండేది. ఎవరి జీవితకాలమో ఎక్కడా ఉండేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా మేనేజర్ ఆ సంగతి తేల్చేశాడు. "లైఫ్ మత్‌లబ్ టూల్ కీ లైఫ్. టూట్ గయా తో లైఫ్ ఖతమ్" అని, పనిముట్టు విరిగితే దాని జీవితం అక్కడితో సరి అన్నట్టు, తన మాటకి తనే నవ్వుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకే నన్ను ఉంచుకున్నారేమోనని నా అనుమానం.

పానాలూ ప్లయర్లూ అమ్మే కంపెనీకి నోయిడాలో ఉన్న సర్వీస్ కౌంటర్ అది. విరిగింది తెస్తే బాగుచెయ్యాలి, బాగుకాకపోతే కొత్తది ఇవ్వాలి. నా పని మాత్రం ఇవ్వకుండా ఉండటానికి కారణం వెతకడం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారిని నేను.

అన్నిటికన్నా సులువైన కారణం పైపు గుర్తు. బోల్టు మొండికేసినప్పుడు మెకానిక్కులు పానా కాడకి ఇనప పైపు తొడిగి, పొడుగు పెంచుకుని, దాని మీద ఒళ్లంతా వేసి తిప్పుతారు. పైపు అంచు కాడ మీద గోటి నొక్కులాంటి గాటు పెడుతుంది. గ్యారంటీ కాగితంలో దాని పేరు దుర్వినియోగం. లారీలు బాగుచేసే ముసలాయన ఒకడు పన్నెండేళ్ల నాటి బిల్లుని ప్లాస్టిక్ కవర్లో దాచుకుని తెచ్చాడు. గాటు మీద నా వేలు పెట్టి, ఇదేమిటో మీ నోటితోనే చెప్పండన్నాను. అందరూ అలాగే చేస్తారు బేటా అన్నాడు. బిల్లు భద్రంగా ఉంచినందుకు మెచ్చుకుని, పానా వెనక్కిచ్చి పంపాను. ఆ సాయంత్రం మేనేజర్ నాకు చాయ్ తెప్పించాడు.

అప్పుడు మయూర్ విహార్‌లో మూడో అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ని. మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్నాయి, నేను పాత స్కూటర్ మీద వెళ్లొచ్చేవాణ్ని. కింద పోర్షన్లో తెనాలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆంటీ ఒక ఆసుపత్రిలో నర్సు. అంకుల్ అదే ఆసుపత్రిలో పంపులూ పైపులైన్లూ చూసుకునే ఫిట్టరు, కాంట్రాక్టు మీద. ఆ గది నాకు ఇప్పించింది ఆయనే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక గిన్నెలో కూర పైకి పంపేవాళ్లు. గిన్నె కడగకుండానే తిరిగి ఇచ్చేవాణ్ని.

ఒక ఆదివారం స్కూటర్ వెనక చక్రం నట్టు పట్టేసింది. అంకుల్ దగ్గర ఆసుపత్రి పానాలు ఉండేవి, మా కంపెనీవే, కాడల మీద నంబర్లు కొట్టి. వాటిని నూనె గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. రింగు పానా ఒకటి ఇచ్చి, "కిరసనాయిలు పోసి సాయంత్రం దాకా వదిలెయ్ బాబూ, అదే వస్తది. పైపు మాత్రం తొడగమాక" అని చెప్పి చర్చికి వెళ్లాడు. సాయంత్రం దాకా ఆగే ఓపిక నాకేది? మాట్నీకి టిక్కెట్టు ఉంది. పాత కుళాయి పైపు ముక్క ఒకటి దొరికితే హాక్సాతో కోశాను. కోత వంకరపోయి అంచు మీద చిన్న పన్నులాంటిది మిగిలింది. కాడకి తొడిగి కాలితో తొక్కాను. నట్టు వచ్చింది. పైపుని వాళ్ల పూలకుండీల వెనక పారేసి, పానా తుడిచి ఇచ్చాను. అంకుల్ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, నూనె గుడ్డలో చుట్టాడు.

రెండు నెలల తర్వాత ఆయన మా కౌంటర్‌కి వచ్చాడు, చేతిలో అదే పానా. పంపు బోల్టు విప్పుతుంటే రింగు పగిలిందట. "నువ్వే ఉన్నావా బాబూ, దేవుడు మేలు చేశాడు" అన్నాడు. ఆసుపత్రికి కొత్త కాంట్రాక్టరు వస్తున్నాడు. పాతవాళ్లని వదిలించుకోవడానికి సాకు కోసం చూస్తున్నాడు. పానాకి గ్యారంటీ ఉంది, కంపెనీ మార్చిస్తే సరే, మార్చలేదంటే విరగ్గొట్టింది నువ్వే అని స్టోర్సువాళ్లు ముందే చెప్పారట. బజార్లో కొనిస్తే ఒప్పుకోరు, మా చీటీ కావాలి. ఉన్న సంగతంతా తెలుగులో చెప్పి ఊరట పడ్డట్టు నిలబడ్డాడు.

పానా చేతిలోకి తీసుకున్నాను. కాడ చివర గాటు, గాటు మధ్యలో పన్ను గుర్తు. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. మేనేజర్ నా వెనకాలే నిలబడి చూస్తున్నాడు. ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చేస్తానన్నాడు. అతనంటే భయపడ్డానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. రింగు ఇనుములో బుడగ ఉందనో, తయారీ లోపమనో రాస్తే అడిగేవాడు లేడు. అంతకుముందు అలా రెండుసార్లు రాశాను కూడా. కానీ ఆ గాటు నాదని ఆయనకి తెలుసు, తెలిసీ ఒక్క మాట అనలేదు. ఆ మంచితనం నాకు ఒళ్లు మండించింది. అంతే.

"ఇస్‌మే పైప్ లగాయా హై ఆప్‌నే" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. హిందీ ఆయనకి బాగానే వచ్చు, నాతో మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. "నేను పైపు వాడను బాబూ. నీకు తెలుసుగా" అన్నాడు.

"హిందీ మే బోలియే, సర్ భీ సున్ రహే హైఁ." హిందీలోనే చెప్పమన్నాను, మేనేజర్ కూడా వింటున్నాడని.

నేను ఫారం నింపి ముందుకి తోశాను. "ఇస్‌మే క్యా లిఖా హై, సర్?" అని, అందులో ఏం రాశానో అడిగాడు. నన్నే సర్ అన్నాడు. వాడినవారి దుర్వినియోగం వల్ల గ్యారంటీ వర్తించదని చదివి వినిపించాను. సంతకం చెయ్యాల్సిన చోటు చూపించాను. ఆయన సంతకం చేశాడు. మేనేజర్ నా భుజం తట్టాడు.

కొత్త కాంట్రాక్టరు ఆయన్ని ఉంచుకోలేదు. ఆంటీకి ఆసుపత్రి క్వార్టర్సులో గది దొరికితే ఇల్లు మారిపోవడానికి సర్దుకున్నారు. వెళ్లే రోజు పొద్దున అంకుల్ మూడంతస్తులు ఎక్కి నా తలుపు కొట్టాడు. చేతిలో పైపు ముక్క.

"కుండీల ఎనకాల దొరికింది బాబూ. నీదేగా."

"నాది కాదంకుల్" అన్నాను.

"అట్టాగా" అన్నాడు. పైపుని గుమ్మం పక్కన గోడకి ఆనించి, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా దిగి వెళ్లాడు. సామాను ఎక్కిస్తున్న చప్పుడు కింద చాలాసేపు వినిపించింది. నేను దిగలేదు.

పర్మనెంటు అయినప్పుడు కంపెనీ నాకో పానాల సెట్టు ఇచ్చింది. వానాకాలంలో స్కూటర్ నట్టు మళ్లీ పట్టేసింది. కిరసనాయిలు పోసి ఆగలేదు. గోడవారన ఉన్న పైపు తీసి కొత్త పానాకి తొడిగి, కాలితో తొక్కాను. విరిగినా భయం లేదు, కౌంటర్లో ఉండేది నేనే.