మావగారి ఎండల పుస్తకం

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతూ మా ఆవిడ నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి నా ఒళ్ళో పడేసి, నాన్నగారి ఎండల పుస్తకం ఉంచుదామా పారేద్దామా అని అడిగింది. చూపు తగ్గడం వల్లే ఆయన రాయడం మానేశారని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది. మాన్పించింది నేనని నాకొక్కడికే తెలుసు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. మావగారు ఉక్కు ప్లాంటులో రిటైరై, తన క్వార్టరు అప్పగించేసి, ఇంకో దారిలేక భిలాయి సెక్టర్ 4లోని మా క్వార్టరుకి వచ్చారు. అల్లుడింట్లో ఊరికే కూర్చుని తినడం శ్రీకాకుళం మనిషికి ఎంత నామోషీయో మన తరంవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందుకేనేమో, వచ్చిన నెలలోనే ప్యాకింగు చెక్కలతో గాలాడే పెట్టె ఒకటి చేసి, అందులో థర్మామీటరు బిగించి పెరటి మధ్యలో నిలబెట్టారు, పక్కనే వాన కొలిచే డబ్బా. రోజూ రెండున్నరకి తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి చూసి రాసుకునేవారు. ఫస్ట్ షిఫ్టు దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు గేటు దగ్గర సైకిలాపి, "బాబాయ్, ఇయ్యాల ఎంతేటి?" అని అడిగితే, ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతులో పాత ఫోర్‌మన్ లేచి కూర్చునేవాడు.

నేనేమో అదే ప్లాంటులో కొలత మీటర్లు చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. పెద్దాయన ఎండలో తిరగక్కర్లేకుండా చేద్దామని వేడి కొలిచే ఒక వైర్‌లెస్ మిషను కొన్నాను. అలా అని అందరికీ చెప్పాను గానీ, నిజానికి నా గొప్ప చూపించుకుందామనే. బయట చిన్న డబ్బా, లోపల టీవీ పక్కన తెర, మధ్యలో తీగ లేదు. డబ్బాని ఆయన చెక్కపెట్టెలో బిగిస్తే క్వార్టరు గోడలు దాటి సిగ్నల్ రాలేదు. తీసుకొచ్చి ఎప్పుడూ తెరిచి ఉండే ముందుగది కిటికీకి బయటివైపు తగిలించాను. తెర వెలిగింది, నేను మురిసిపోయాను.

ఆ ఆదివారం నాతో పనిచేసేవాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. తెరమీద నలభై ఉంది. మావగారు పెరట్లోంచి వచ్చి నలభై అయిదన్నారు. "మిషను అబద్ధం చెప్తుందా మావయ్యగారూ, మీ కళ్ళే ఓసారి చూపించుకోవాలి" అని నవ్వాను, వాళ్ళూ నవ్వారు. "అవునేమో బాబూ, వయసొచ్చీసింది కదా" అని ఆయన తువ్వాలు మడతపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటినుంచి ఆ పెట్టె దగ్గరికి పోలేదు, పుస్తకం పట్టలేదు. గేటు దగ్గర అడిగినవాళ్ళకి "అల్లుడుగారి మిషన్ని అడగండి" అనేవారు, పాపం, వెటకారం లేకుండానే.

వానలు మొదలై కూలరు ఆపిన రోజున పెరట్లో థర్మామీటరూ ఇంట్లో తెరా ఒకే అంకె చూపించాయి. అప్పటికిగాని నాకు తట్టలేదు. కూలరు గాలి బయటికి పోవడానికే ఆ కిటికీ తెరిచి ఉంచేవాళ్ళం, వేసవంతా ఆ చల్లగాలినే భిలాయి ఎండ అనుకుని నలుగురికీ చూపించాను! ప్లాంటులో ఇంకెవడైనా అలా బిగిస్తే ఉతికి ఆరేసేవాణ్ణి. ఎవరూ చూడకుండా డబ్బా ఊడబీకి అటకమీద పడేశాను గానీ, తప్పు నాదేనని ఆయనతో అనడానికి మాత్రం నోరు రాలేదు. ఇవాళ, రేపు అంటూ దాటేస్తుండగానే నాలుగేళ్ళు గడిచాయి, ఆయన పోయారు.

మొన్న మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక పుస్తకం తెరిచాను. చివరి రాత ఆ ఆదివారానిదే, ఆయన గుండ్రటి అక్షరాల్లో: "నాది 45. అల్లుడిది 40. అందరూ వెళ్ళాక కూలరు ఆపి చూశాను, రెండూ ఒకటే. బాబుకి చెప్పకూడదు, చిన్నబుచ్చుకుంటాడు."

ఇప్పుడు ఎండ ఎంతో ఫోనే చెప్తుంది, అందుకోసం ఎవరూ ఎవరి గేటు దగ్గరా సైకిలు ఆపరు. సాయంత్రం మా ఆవిడ పుస్తకం సంగతి మళ్ళీ అడిగింది, ఉంచమన్నాను. మీ నాన్నగారి కళ్ళు చివరిదాకా బాగానే ఉన్నాయని కూడా చెప్పాలి. మీకు చెప్పినంత తేలిగ్గా ఆ మాట ఆవిడ ముందు ఇంకా రావడం లేదు.